వారం రోజుల సఫర్‌కు ఒక్క శహర్ చాలు

మన ఖాన్‌దాన్లలో ఈమధ్య ఒక కొత్త ముచ్చట వినిపిస్తోంది. ఉమ్రా అయిపోయింది, అల్‌హందులిల్లాహ్, ఇక పిల్లలతో కలిసి ఒకసారి యూరప్ చూసొద్దామని. అనుకోగానే వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు ఒక ఇశ్తెహార్ పంపిస్తారు. ఏడు రోజులు, మూడు రాజధానులు. కోపెన్‌హాగన్, స్టాక్‌హోం, ఓస్లో. చూడగానే హిసాబ్ బాగుందనిపిస్తుంది. దాదాపు అదే పైసలకు ఒకటికి బదులు మూడు వస్తున్నాయి కదా!

నా రాయ్ దీనికి పూర్తిగా ఉల్టా. వారం రోజులే ఉంటే ఒక్క శహర్‌కు వెళ్ళండి. ఆ మూడింటిలో ఒకటి ఎంచుకోమంటే నేను స్టాక్‌హోం అంటాను. మిగతా రెండూ ఎక్కడికీ పోవు. నసీబ్‌లో ఉంటే ఇంకోసారి చూడొచ్చు.

ముందు ఆ ఇశ్తెహార్ హిసాబే చూద్దాం. ఏడు రోజుల్లో దిగిన రోజు, తిరిగి బయల్దేరే రోజు సగం సగమే లెక్క. అంటే చేతిలో ఉన్నవి ఆరు. కోపెన్‌హాగన్ నుంచి స్టాక్‌హోంకు వేగంగా పోయే రైలుకే ఐదు గంటలకు పైగా పడుతుంది. స్టాక్‌హోం నుంచి ఓస్లోకు కూడా ఇంచుమించు అంతే. విమానంలో గంటే కదా అంటారు. ఊరి నుంచి ఎయిర్‌పోర్టుకు, అక్కడి క్యూలకు, మళ్ళీ ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్ళోకి పట్టే వఖ్త్ కలిపితే రైలుకు దగ్గరగానే వస్తుంది. పొద్దున్నే సామాను సర్దడం, హోటల్ ఖాళీ చేయడం, కొత్త హోటల్లో గది మధ్యాహ్నం మూడింటికి గానీ ఇవ్వకపోవడం. ఒక్కో మార్పుకు ఒక్కో రోజు పోయినట్టే. ఆరులోంచి రెండు తీసేస్తే నాలుగు. నాలుగు రోజులు, మూడు రాజధానులు. ఇక చూసేది బస్సు కిటికీనే.

ఈ ఖర్చు పైసల్లో కనిపించదు. ఆ సూట్‌కేసులు సర్దేది ఎవరు? ఎవరి స్వెటర్ ఎక్కడుందో, అబ్బాజాన్ బీపీ గోళీలు ఏ సంచిలో ఉన్నాయో, చిన్నదాని సాక్సులు ఆరాయో లేదో గుర్తుపెట్టుకునేది ఎవరు? ఇంట్లో ఏడాదంతా ఆ పని చేసే అమ్మీనే. మూడు హోటళ్ళంటే ఆమెకు మూడుసార్లు ఇల్లు మారడం. దాదీమా మోకాళ్ళకు ఆరు స్టేషన్ల మెట్లు. తిరిగొచ్చాక ఆల్బంలో అందరూ నవ్వుతూనే ఉంటారు, కానీ ఆ ఇల్లాలికి అది సెలవు కాదు. జిందగీలో ఒకసారి చేసే ఖర్చులో ఆమెకే ఆరామ్ లేకపోతే ఆ సఫర్ ఎవరి కోసం?

ఒకే శహర్‌లో వారం ఉంటే బోర్ కొట్టదా అని అడుగుతారు. స్టాక్‌హోం ఒకచోట ఉన్న ఊరు కాదు. మాలరెన్ అనే పెద్ద సరస్సు బాల్టిక్ సముద్రంలో కలిసే చోట, పద్నాలుగు జజీరాల మీద కట్టిన శహర్ అది. ఒక్కో దీవికి ఒక్కో మిజాజ్. వంతెన దాటితే వీధుల రంగు, ఇళ్ళ వయసు, జనం నడక మారిపోతాయి. వారంలో అది పూర్తవదు, కానీ వారానికి అది సరిగ్గా సరిపోతుంది.

ఇప్పుడు అసలైన ప్రశ్న, ఎప్పుడు వెళ్ళాలి? ఇక్కడే చాలామంది చలి గురించి మాత్రమే ఆలోచిస్తారు. నేను వెలుతురు గురించి ఆలోచించమంటాను. స్టాక్‌హోం 59 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. హైదరాబాద్ 17 డిగ్రీల దగ్గర ఉంది. మన దగ్గర ఎండాకాలానికీ చలికాలానికీ పగటి నిడివిలో తేడా రెండు గంటలకు కొంచెం ఎక్కువ. అక్కడ జూన్ మూడోవారంలో సూర్యుడు మూడున్నరకు ఉదయించి రాత్రి పది దాటాక అస్తమిస్తాడు. డిసెంబర్‌లో తొమ్మిది కావస్తుండగా వచ్చి మూడు కాకముందే వెళ్ళిపోతాడు. అంటే జూన్‌లో మగ్రిబ్ పదింటికి. ఇషా సంగతి ఇంకా ముష్కిల్. సూర్యుడు క్షితిజం కింద 18 డిగ్రీలు దిగితేనే పూర్తి చీకటి అంటారు. జూన్ నడిరాత్రి అక్కడ సూర్యుడు ఏడు డిగ్రీలే దిగుతాడు. ఆకాశం రాత్రంతా సంధ్యలాగే ఉంటుంది. అక్కడి ముస్లింలు అందుకు అంచనాతో వేసిన టైంటేబుల్ పాటిస్తారు. మీరు వెళ్ళేది ఆ రోజుల్లోనైతే అక్కడి మస్జిద్ టైంటేబుల్ ముందే చూసుకోండి, ముసాఫిర్‌కు ఉన్న ఖస్ర్ సహూలత్ గురించి మీ ఇమామ్ సాబ్‌ను అడిగి బయల్దేరండి. పదకొండింటికి ఇంకా వెలుతురున్న గదిలో పిల్లల్ని నిద్రపుచ్చడం ఎలాగో కూడా ఆలోచించుకోండి.

స్కూలు పిల్లలు లేని ఇళ్ళకు నా సలహా ఆగస్టు చివరి వారం. అప్పటికి సూర్యాస్తమయం ఎనిమిది దగ్గరికి వస్తుంది. పూర్తి చీకటి మళ్ళీ మొదలవుతుంది, ఇషాకు వఖ్త్ దొరుకుతుంది. చలి ఇంకా మొదలవదు, పడవలు తిరుగుతుంటాయి. స్కూలు పిల్లలున్న ఇళ్ళకు మన దసరా సెలవులు మంచివి. అక్టోబర్ మొదట్లో అక్కడ పగలు పదకొండు గంటలకు పైనే ఉంటుంది. నమాజ్ వేళలు దాదాపు మన ఇంటి వేళల్లాగే నడుస్తాయి. చెట్లన్నీ పసుపు, ఎరుపు రంగులకు తిరుగుతాయి. బదులుగా కొన్ని వదులుకోవాలి. చలి పది డిగ్రీల దగ్గర ఉంటుంది, వాన కోటు జరూరీ, దీవుల మధ్య పడవలు తగ్గుతాయి. మే నెల మన సెలవులకు కుదురుతుంది, మౌసమ్ కూడా బాగుంటుంది, కానీ నెల మధ్యకు వచ్చేసరికి మగ్రిబ్ తొమ్మిది దాటాకే. ఒక్క హెచ్చరిక. జూన్ 19 నుంచి 25 మధ్య వచ్చే శుక్రవారం వాళ్ళకు మిడ్‌సమ్మర్ పండుగ. శహర్ జనమంతా పల్లెలకు వెళ్ళిపోతారు. దుకాణాలు, మ్యూజియంలు చాలావరకు మూసి ఉంటాయి. మన దగ్గర సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టే. ఆ రెండు రోజుల మీద మీ సఫర్ పడకుండా చూసుకోండి.

తారీఖ్ తేలాక కాగితాలు. స్వీడన్‌కు షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు, కనీసం పదిహేను రోజుల ముందైనా ఇవ్వాలి. మామూలుగా పదిహేను రోజుల్లో ఫైసలా చెప్తారు, కొన్ని కేసుల్లో 45 రోజుల దాకా పోవచ్చు. కాబట్టి మూడు నెలల ముందు మొదలుపెట్టడం అక్లమందీ. 2024 జూన్ నుంచి పెద్దలకు ఫీజు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకు 45, ఆరేళ్ళ లోపు వాళ్ళకు లేదు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చు భరించే ట్రావెల్ ఇన్సూరెన్స్ చూపించాలి. తిరిగొచ్చే తారీఖ్ తర్వాత మూడు నెలలైనా పాస్‌పోర్టు చెల్లాలి. ఎక్కువ రోజులు ఉండే దేశానికే దరఖాస్తు చేయాలన్నది రూలు. ఒకే శహర్ అయితే ఈ గొడవ కూడా ఉండదు. వీసా చేతికి రాకముందు పైసలు వాపస్ రాని టికెట్టు గానీ, హోటల్ గానీ తీసుకోవద్దు. ఏజెంటు ఎంత భరోసా ఇచ్చినా సరే, ఫైసలా అతని చేతిలో లేదు.

ఇంకో విషయం. అక్కడ చెల్లేది యూరో కాదు, స్వీడిష్ క్రోనా. అది కూడా నోట్ల రూపంలో దాదాపు కనిపించదు. బస్సులో, బేకరీలో, చాలా మ్యూజియంలలో కార్డు మాత్రమే తీసుకుంటారు. అబ్బాజాన్ షేర్వానీ లోపలి జేబులో కట్టలు పెట్టుకుని బయల్దేరితే అవి అలాగే తిరిగొస్తాయి. విదేశాల్లో పనిచేసే కార్డులు రెండు, వేర్వేరు బ్యాంకులవి, వేర్వేరు మనుషుల దగ్గర ఉంచండి.

ఇక రోజుల ఇంతెజామ్. నా ఉసూల్ ఒక్కటే, రోజుకు ఒక్క పెద్ద చోటు. పొద్దున దానికి, మధ్యాహ్నం తర్వాత నడకకు, పడవకు, కూర్చోవడానికి. అక్కడి ఎస్ఎల్ సంస్థ ఏడు రోజుల పాస్ తీసుకుంటే మెట్రో, బస్సు, ట్రాం, లోకల్ రైలు అన్నీ ఎక్కొచ్చు, యూర్‌గార్డెన్ దీవికి వెళ్ళే పడవ కూడా. పాస్ చేతిలో ఉంటే అలసిన మనిషి మధ్యలోనే హోటల్‌కు తిరిగి వెళ్ళి పడుకుని మళ్ళీ రావచ్చు. టూరు బస్సులో ఆ ఆజాదీ ఉండదు.

మొదటి రోజు గమ్లా స్తాన్. ఆ పేరుకు అర్థమే పాతబస్తీ. మన పాతబస్తీ లాగే రాళ్ళు పరిచిన గలీలు, ఒకదాన్నొకటి ఆనుకున్న ఇళ్ళు. ఒక గలీ చివర వెడల్పు తొంభై సెంటీమీటర్లే. అందరూ ఫోటో దిగే స్తూర్‌తోర్యెట్ అనే చౌక్‌లో 1520లో డెన్మార్క్ రాజు ఎనభై మందికి పైగా మనుషుల్ని చంపించాడు. ఆ రంగురంగుల ఇళ్ళ ముందు పిల్లలకు ఆ మాట కూడా చెప్పండి.

రెండో రోజు యూర్‌గార్డెన్ దీవిలో వాసా జహాజ్. ఇది ఒక్కటి చూడకుండా రావద్దు. 1628 ఆగస్టు 10న స్వీడన్ రాజుగారి కొత్త యుద్ధనౌక 64 ఫిరంగులతో మొదటిసారి బయల్దేరి, శహర్ జనం చూస్తుండగానే ఒడ్డు దాటకముందే ఒరిగి మునిగిపోయింది. కారణం తుఫాను కాదు, దుష్మన్ కాదు. పైన బరువు ఎక్కువ, కింద ఆధారం తక్కువ. మునగకముందు చేసిన పరీక్షలో, ముప్ఫై మంది డెక్కు మీద ఈ పక్క నుంచి ఆ పక్కకు పరిగెత్తితేనే ఓడ ఊగిపోయింది. పరీక్ష ఆపారు, ప్రయాణం మాత్రం ఆపలేదు. రాజు తొందర పెడుతున్నాడు మరి. విచారణ జరిగింది, ఎవరికీ సజా పడలేదు. బాల్టిక్ నీళ్ళలో ఉప్పు తక్కువ, కలపను తొలిచే పురుగు అక్కడ బతకదు. అందుకే 333 ఏళ్ళ తర్వాత 1961లో పైకి తీసినప్పుడు ఓడ దాదాపు పూర్తిగా దొరికింది. పై అంతస్తుల దాకా బరువు నింపిన ఆ ఓడను చూస్తుంటే నాకైతే ఏడు రోజులు మూడు రాజధానుల ఇశ్తెహారే గుర్తొస్తుంది. అదే దీవిలో 1891లో మొదలైన స్కాన్సెన్ ఉంది. పాత పల్లె ఇళ్ళను ఊళ్ళ నుంచి తెచ్చి మళ్ళీ నిలబెట్టిన బయలు మ్యూజియం. పిల్లలు పరిగెత్తొచ్చు, పెద్దలు బెంచీ మీద కూర్చోవచ్చు.

మూడో రోజు సిటీ హాల్. 1923లో పూర్తయిన ఎర్ర ఇటుకల ఇమారత్, నోబెల్ విందు ఏటా డిసెంబర్ 10న జరిగేది ఇక్కడే. ఆ విందు జరిగే నీలి హాలు నీలంగా ఉండదు. ఇటుకల అందం చూసి ఆర్కిటెక్టు రంగు వేయించడం మానుకున్నాడు, పేరు మాత్రం మిగిలింది. లోపలికి గైడుతోనే వెళ్ళాలి. మధ్యాహ్నం వాన పడితే మెట్రో ఎక్కండి. ఉన్న వంద స్టేషన్లలో తొంభైకి పైగా స్టేషన్లలో చిత్రకారుల పని ఉంది. గుహల్లా వదిలేసిన రాతి గోడల మీద నీలి తీగలు, ఎర్రటి ఆకాశాలు. పాస్ ఉంటే ఇది ముఫ్త్ తమాషా.

నాలుగో రోజు చరిత్ర మ్యూజియం. మన వాళ్ళు పట్టించుకోని చోటు, మన వాళ్ళు తప్పక చూడాల్సిన చోటు. వైకింగులంటే కొమ్ముల టోపీలు పెట్టుకున్న దోపిడీదార్లని సినిమాలు నేర్పాయి. వాళ్ళు తాజిర్లు కూడా. స్వీడన్ నేలలో చాందీ దిర్హమ్‌లు వేలకు వేలు దొరికాయి. బాగ్దాద్ ఖలీఫాల కాలంలో, బుఖారా, సమర్‌ఖంద్ పాలకుల కాలంలో కొట్టిన సిక్కాలు, వాటి మీద అరబీ అక్షరాల్లో కలిమా. వోల్గా నది దారిలో బొచ్చు, బానిసలు అటు వెళ్ళేవి, చాందీ ఇటు వచ్చేది. బాగ్దాద్ నుంచి వెళ్ళిన ఇబ్న్ ఫద్లాన్ 922లో వోల్గా ఒడ్డున ఈ ఉత్తరాది వర్తకులను కళ్ళారా చూసి రాశాడు. అదే మ్యూజియంలో అరచేతిలో పట్టేంత కంచు బుద్ధుడున్నాడు. ఆరో శతాబ్దం నాటికి మన ఉపఖండం వాయవ్య ప్రాంతంలో పోతపోసింది. 1956లో స్టాక్‌హోం దగ్గరి హెల్గో దీవి తవ్వకాల్లో బయటపడింది. దునియా ఈరోజే దగ్గరైందని అనుకునే పిల్లలకు ఆ రెండు వస్తువులు చూపిస్తే చాలు, ఇక సబఖ్ చెప్పనక్కర్లేదు.

ఐదో రోజు సోదర్‌మాల్మ్ దీవి. ఎత్తైన బండల మీద నుంచి నీళ్ళు, గోపురాలు, పడవలు ఒకేసారి కనిపిస్తాయి. వీలైతే ఇది శుక్రవారం పెట్టుకోండి, జుమా నమాజ్‌కు స్టాక్‌హోం పెద్ద మస్జిద్ ఇక్కడే ఉంది. ఆ ఇమారత్‌కు చిత్రమైన తారీఖ్ ఉంది. ఫెర్డినాండ్ బోబెర్గ్ అనే ఆర్కిటెక్టు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కట్టిన కరెంటు కార్ఖానా అది. ముస్లిం స్పెయిన్ నిర్మాణాల మీద ఉన్న మొహబ్బత్‌తో కట్టాడు. 2000లో అది మస్జిద్ అయింది. మన దగ్గర ఖిబ్లా పడమర. అక్కడ ఆగ్నేయం. పిల్లలకు భూగోళం గుండ్రమని బడిలో చెప్పినదానికంటే ఆ ఒక్క సఫ్‌లో నిలబడితే బాగా అర్థమవుతుంది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. 2023 జూన్ 28న, బక్రీద్ రోజు, ఆ మస్జిద్ బయటే ఖురాన్‌ను తగలబెట్టారు. అలాంటి ఊరికి మన పైసలు ఎందుకివ్వాలని అడిగేవాళ్ళున్నారు. ఆ దర్ద్ నిజమైనది, దాన్ని తేలిక చేసి మాట్లాడను. అక్కడి విదేశాంగ శాఖ దాన్ని ఇస్లామోఫోబిక్ చర్య అని ఖండించింది. చట్టం మాత్రం అనుమతి ఇచ్చింది. రెండూ నిజాలే. దిల్ ఒప్పుకోకపోతే వెళ్ళకండి, అది కూడా ఇజ్జత్‌గల ఫైసలానే. నా మటుకు నాకు, ఒకడి చేష్టకు శహర్ మొత్తాన్ని జిమ్మేదార్ చేయడం సరిగా తోచదు. మన పేరు మీద ఎవడో చేసినదానికి మనల్నందర్నీ ఒకే గాటన కట్టినప్పుడు మనం ఒప్పుకుంటామా? ఆ మస్జిద్‌లో రోజూ ఐదు పూటలా సఫ్‌లు కడుతున్న మన భాయిల పక్కన ఒక జుమా నిలబడి రావడం కూడా ఒక జవాబే.

ఆరో రోజు నీళ్ళ మీద. శహర్ నుంచి సముద్రం వైపు చిన్నాపెద్దా కలిపి దాదాపు ముప్ఫై వేల దీవులు. పడవలో గంట పోతే వాక్స్‌హోల్మ్ అనే చిన్న ఊరు, ఎదురుగా నీళ్ళలో పాత ఖిల్లా. చలికి పడవ వద్దనుకుంటే రాజకుటుంబం ఉండే ద్రోట్నింగ్‌హోల్మ్ మహల్, 1991లో యునెస్కో జాబితాకెక్కింది. ఏడో రోజు ఏమీ పెట్టకండి. ఖాళీగా వదిలేయండి. నచ్చిన చోటికి రెండోసారి వెళ్ళడానికి ఆ రోజు.

చివరగా తిండి. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే ఖర్చు కలిసొస్తుంది, నిజమే. మన వాళ్ళు దాంతో పాటు ప్రెషర్ కుక్కర్, మసాలా డబ్బాలు కూడా మోసుకెళ్తారు. అమ్మీ వారం రోజులూ స్టాక్‌హోంలో ఖట్టీ దాల్ వండుతుంది. నేను పెట్టే షర్త్ ఏమిటంటే, వంటగది ఉండొచ్చు కానీ ఆ వారం అందులో నిలబడేది మగవాళ్ళు, పెద్దపిల్లలు. గుడ్లు, బ్రెడ్డు, ఖిచిడీ ఎవరికైనా వస్తాయి. పెద్ద భోజనం మధ్యాహ్నం బయట చేయండి. పనిదినాల్లో పదకొండు నుంచి రెండు దాకా చాలా హోటళ్ళలో ఆ రోజు లంచ్ అని ఒకే ధరకు పెడతారు. సలాడ్, బ్రెడ్డు, కాఫీ తరచూ అందులోనే వస్తాయి. రాత్రి అదే హోటల్లో ధర చాలా పెరుగుతుంది. చేపలు, ఫలాఫెల్ దొరకని వీధి తక్కువ. లేబుళ్ళ మీద ఫ్లెస్క్, స్కింకా, గ్రిస్ అన్న మాటలు కనిపిస్తే అది పంది మాంసం. అక్కడి మషూర్ మీట్‌బాల్స్‌లో తరచుగా పంది మాంసం కలుస్తుంది, అడగకుండా తినొద్దు. స్వీడన్ చట్టం ప్రకారం జంతువును స్పృహ తప్పించాకే కోయాలి. కాబట్టి హలాల్ బోర్డు ఉన్న గోష్త్ ఒకటి అలా కోసింది, లేదా బయటి దేశం నుంచి తెచ్చింది. దాని మీద ఉలమాల్లో ఇఖ్తిలాఫ్ ఉంది. మీ ఇంటి ఫైసలా ఇక్కడే చేసుకుని వెళ్ళండి. హోటల్ మెనూ ముందు కూర్చుని బహస్ పెట్టుకోవద్దు. కుళాయి నీళ్ళు హాయిగా తాగొచ్చు, బాటిళ్ళు కొననక్కర్లేదు.

టికెట్లకు ముందు ఒక పని చేయండి. ఇంట్లో అందర్నీ దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చోబెట్టి ఒక్కొక్కరికి ఒక చీటీ ఇవ్వండి. అక్కడ నాకు కావాల్సింది ఒక్కటి, అంతే రాయమనండి. కొడుకు జహాజ్ అని రాస్తాడు. కూతురు మెట్రో బొమ్మలంటుంది. దాదీమా నీళ్ళ పక్కన కాసేపు కూర్చోవాలి, ఎవరూ తొందర పెట్టకూడదు అని రాయిస్తుంది. అమ్మీ ఏం రాసిందో ముందు చదవండి. ఆ చీటీలు ఆరో ఏడో ఉంటాయి. వారానికి సరిపోతాయి. అవే మీ టూరు ప్రోగ్రాం, ఇన్షా అల్లాహ్.